పెళ్లి ఖాతాలో కలిసిపోయిన కూలి: తుంగభద్ర సరిహద్దు దాటే దళిత స్త్రీల చరిత్ర

కర్నూలు చరిత్ర అంటే మనకు పుస్తకాల్లో చెప్పేది ఏమిటి? 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ దించేసింది. 1858లో కడప, బళ్లారి జిల్లాల తాలూకాలు కొన్ని కలిపి కర్నూలును జిల్లా చేసినారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని చేసినారు, 1956లో ఆ రాజధానిని హైదరాబాదుకు ఎత్తుకుపోయినారు. ఆ తర్వాత కథంతా తుంగభద్ర నీళ్ల తగాదా.

ఇదంతా సరిహద్దుల చరిత్రే. అయితే సరిహద్దు గీసినవాళ్ల చరిత్ర, గీయించుకున్నవాళ్ల చరిత్ర. ఆ గీతను రోజూ కాళ్లతో దాటినవాళ్లు ఇందులో ఎక్కడా లేరు. సద్దిమూట నెత్తిన పెట్టుకొని, కొడవలి కొంగున చుట్టుకొని ఏటికి అవతల కూలికి పొయ్యి పొద్దుగూకే వేళకు తిరిగొచ్చే మాల, మాదిగ ఆడవాళ్ల గురించి మేం మాట్లాడుతున్నాం. వీళ్లలో చాలామంది అవతలి ఒడ్డు ఆడబిడ్డలు. పెళ్లయి ఇవతలికి వచ్చినారు. వచ్చిన గీతనే మళ్లీ కూలి కోసం దాటుతున్నారు.

జనాభా లెక్కల్లో వలసకు కారణం అడిగే గడి ఒకటుంది. ఒక మనిషికి ఒకే కారణం రాస్తారు. ఆడవాళ్ల విషయంలో ఆ గడిలో ఎక్కువగా పడేది ‘పెళ్లి’. 2001లోనూ 2011లోనూ దేశం మొత్తం మీద ఆడవాళ్ల వలసకు అన్నిటికంటే పెద్ద కారణం అదేనని తేలింది. గడి అంతటితో మూసుకుపోతుంది. పెళ్లయిన మర్నాటి నుంచి ఆమె ఏ చేలో ఒంగిందో, ఏ రాష్ట్రం గట్టు మీద సద్ది తిన్నదో అందులో పట్టదు. మగవాడు ఊరు దాటితే వలస కూలి. ఆడది ఊరు దాటితే కొత్తకోడలు. ఆమె కూలి మొత్తం పెళ్లి ఖాతాలో జమ అయిపోయింది.

మా వాదన సూటిగా ఇదీ. రాజ్యం దళిత స్త్రీని ఇంటి లెక్కలో భర్త మనిషిగా రాసుకుంటుంది, కులం లెక్కలో తండ్రి మనిషిగా రాసుకుంటుంది. భర్త ఊరూ తండ్రి ఊరూ ఒకే రాష్ట్రంలో ఉన్నంతకాలం ఈ రెండు లెక్కల మధ్య తేడా కనపడదు. మధ్యలో రాష్ట్రాల గీత పడిన రోజున ఆమె రెండు పక్కలా కూలి చేస్తుంది, హక్కు మాత్రం బతుకుతున్న పక్కన ఉండదు. తుంగభద్ర ఒడ్డున ఈ గీత ఒకసారి కాదు, పలుమార్లు పడింది, చెరిగింది, మళ్లీ పడింది.

ఏరే ఎల్ల అయిన కాలం

1800 తర్వాత తుంగభద్రకు దక్షిణాన కంపెనీ రాజ్యం, దాని నీడన కర్నూలు నవాబు. ఉత్తరాన నిజాం రాజ్యం. అలంపురం, గద్వాల ప్రాంతాలు అప్పట్లో నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా కింద ఉండేవి. కర్నూలు నుంచి అలంపురం పోవాలంటే పాతిక కిలోమీటర్లు. కానీ ఆ పాతిక కిలోమీటర్లలో రాజు మారేవాడు, రూకా మారేది. అవతల హాలీ సిక్కా, ఇవతల ఇంగ్లీషు రూపాయి. సుమారుగా ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు వచ్చేవి. సరుకుల మీద నిజాం ప్రభుత్వం కరోడ్‌గిరీ అనే సుంకం వసూలు చేసేది.

ఈ తేడాలు షావుకార్లకు లాభాలు. కూలి మనిషికి మాత్రం ఏరు ఏరే. ఎండాకాలం ఇసుకలో నడిచి, వానాకాలం పుట్టిలో దాటి పోయేది. కూలి చాలావరకు గింజల్లో కొలిచేవాళ్లు కాబట్టి మారకం లెక్కలు ఆమెకు అంతగా తగిలేవి కావు. కొలిచే మానిక ఎవరిది, ఎంత కుదించి కొలిచినాడన్నదే ఆమెకు తగిలేది. మానిక ఏ రాజ్యంలోనైనా కాపుదే.

సరిహద్దు అంటే ఏరొక్కటే కాదు. కర్నూలు జిల్లా కడుపులోనే బనగానపల్లె సంస్థానం ఉండేది. చుట్టూ బ్రిటిషు భూమి, నడుమ నవాబు భూమి. 1948లో ఇండియాలో కలిసేదాకా బనగానపల్లె గ్రామాల్లో పుట్టి చుట్టుపక్కల బ్రిటిషు గ్రామాలకు కోడలుగా పోయిన ప్రతి మాదిగ పిల్లా ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి వలసపోయినట్టే లెక్క. పొద్దున పుట్టింటి ఊరి చేలో పత్తి తీసి, పొద్దుగూకే వేళకు అత్తింటికి వచ్చిందంటే రోజుకు రెండుసార్లు రాజ్యం దాటినట్టు. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

సరిహద్దు ఉండడం వల్ల దళితులకు ఒక్క మేలు జరిగే వీలుండేది. ఒక పక్క వెట్టి భరించలేనిదైతే ఇంకో పక్క బంధువు ఉండేవాడు. నిజాం రాజ్యంలో అప్పుకు మనిషిని కట్టిపడేసే భగేలా పద్ధతి ఎంత ముదిరిందంటే, ఆ ఒప్పందాల మీద 1936లో ప్రభుత్వమే నిబంధన తేవాల్సి వచ్చింది. ఇవతల బ్రిటిషు ఇలాకాలో జీతగాళ్ల బతుకు గొప్పదేం కాదు. అయినా దొర చేయి చాచలేని ఒడ్డు ఒకటుండడం చిన్న సంగతి కాదు. ఆ ఒడ్డున చుట్టం ఎలా ఉన్నాడు? ఆడబిడ్డను ఇచ్చినందుకు ఉన్నాడు. సరిహద్దు మీది 1947-48 నాటి శిబిరాలను, వాటిని నడిపిన కాంగ్రెసు నాయకుల పేర్లను చరిత్రకారులు శ్రద్ధగా రాసినారు. వాళ్లకంటే ఎన్నో తరాల ముందు నుంచి దళితులకు ఆడబిడ్డ అత్తిల్లే సరిహద్దు శిబిరం. ఈ మాట ఎవరూ రాయలేదు.

మేనరికం, కూలి

తుంగభద్రకు రెండు పక్కలా తెలుగు మాట్లాడే మాల మాదిగల్లో, మిగతా చాలా కులాల్లో మాదిరే, మేనరికం ఆచారం. మేనమామకో, మేనమామ కొడుక్కో, మేనత్త కొడుక్కో పిల్లనిస్తారు. ఒక తరంలో అవతలి నుంచి ఇవతలికి వచ్చిన సంబంధం తర్వాతి తరంలో ఇవతలి నుంచి అవతలికి పోతుంది. రాజ్యాలు గీసిన గీతను మేనరికం ప్రతి తరమూ కుట్టుకుంటూ వచ్చింది.

దీన్ని ఆచారం అని మాత్రమే చెప్పి వదిలేసే సామాజిక శాస్త్రం మనకు చాలదు. ఆచారం అడుగున కూలి ఉంది. రాయలసీమ మెట్ట పల్లెల్లో పని ఏడాదంతా ఉండదు. వాన పడితే విత్తనం, కలుపు. తర్వాత బుడ్డలు పీకడం, పత్తి తీయడం, జొన్న కోయడం. ఆ తర్వాత చేతులు ముడుచుకొని కూర్చోవడమే. వాన పడకపోతే ఆ కాస్తా లేదు. పక్క ఊర్లో పని ఉందా లేదా అని ముందుగా తెలిసేది ఎవరికి? అక్కడ అమ్మానాన్నా ఉన్న కోడలికి. ఆమె కబురు తెస్తుంది, గేరిలోని ఆడవాళ్లను వెంటబెట్టుకొని పోతుంది. పుట్టింటి వసారాలో పదిమందికి పడక చూపిస్తుంది. కమీషను లేని మేస్త్రీ ఆమె.

అగ్రకులాల్లో కూడా ఏటి అవతలి సంబంధాలు ఉన్నాయి. రెడ్ల ఇంట్లో అవతలి సంబంధం అంటే రెండు పక్కలా భూములు, రెండు పక్కలా పలుకుబడి. మాదిగ గేరిలో అవతలి సంబంధం అంటే రెండు పక్కలా కూలి. ఒకే ఆచారం ఒక ఇంట్లో ఆస్తిని కలిపింది, ఇంకో ఇంట్లో కష్టాన్ని కలిపింది.

కోడలు తిరిగి పుట్టిన ఊరికి కూలికి పోవడంలో ఒక చేదు కూడా ఉంది. పుట్టినూరికి ఆడబిడ్డ వస్తే కాళ్లకు నీళ్లిచ్చి, వడి నింపి, చీర పెట్టి పంపాలి. కూలికి వచ్చిన బిడ్డకు ఇవేవీ ఉండవు. ఆటో దిగి నేరుగా చేలోకి పోతుంది. అమ్మ ఇల్లు కూతవేటు దూరంలో ఉన్నా గుంపు లేచేలోపు చూసి రాలేదు. పుట్టింటికి రోజూ పోతుంది, పుట్టింటికి పోయినట్టు కాదు.

అటు ఆది హిందువు, ఇటు ఆది ఆంధ్ర

గీత దాటితే మారేది రాజు, రూక మాత్రమే కాదు, మనిషి పేరు కూడా. 1920ల్లో మద్రాసు రాష్ట్రంలో తెలుగు అంటరాని కులాలను ఆది ఆంధ్రులుగా గుర్తించారు. 1917 బెజవాడ సభ నుంచి వచ్చిన పేరు అది. ఆ సభకు అధ్యక్షుడైన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో నడిపిన ఉద్యమం ఫలితంగా 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలోని దళితులు ఆది హిందువులైనారు. మైసూరులో ఆది కర్ణాటకులైనారు. ఈ పేర్లు మన పూర్వులు పోరాడి తెచ్చుకున్నవి, తిట్టు పేర్లను తోసేసి నిలబెట్టుకున్నవి. వాటి విలువ మేం తక్కువ చేయడం లేదు. అయితే ఒకే తల్లి కడుపున పుట్టిన ముగ్గురు అక్కచెల్లెళ్లు అలంపురంలో ఒకరు, కర్నూలులో ఒకరు, మైసూరు వైపు ఒకరు కాపురం ఉంటే, రికార్డుల్లో ఆది హిందువు, ఆది ఆంధ్ర, ఆది కర్ణాటక అయిపోయే పరిస్థితి ఏర్పడింది.

రికార్డులో పేరు వేరైనప్పుడు హక్కు కూడా వేరవుతుంది. 1936లో బ్రిటిషు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల జాబితా ఇచ్చినప్పుడు అది బ్రిటిషు రాష్ట్రాలకే. మద్రాసు ఇలాకా మాదిగ షెడ్యూల్డు కులం. ఏటి అవతల నిజాం మాదిగకు ఆ జాబితా వర్తించదు. 1950లో రాజ్యాంగం కింద వచ్చిన ఉత్తర్వు అందరినీ చేర్చింది గానీ, రాష్ట్రం రాష్ట్రానికి విడివిడిగా చేర్చింది. 341వ అధికరణం మాట స్పష్టం: ఫలానా కులం ఫలానా రాష్ట్రానికి సంబంధించి షెడ్యూల్డు కులం. ఈ ‘సంబంధించి’ అన్న మాటలోనే మా కథానాయిక చిక్కుకుంది.

1953, 1956: గీత జరిగింది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అంతవరకు ఒక్కటిగా ఉన్న బళ్లారి జిల్లాను చీల్చినారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి, సిరుగుప్ప, హోస్పేట మొదలైనవి మైసూరుకు. బళ్లారి పట్టణం ఎవరిదని తెలుగు, కన్నడ పెద్దలు కొట్లాడుకున్నారు, మిశ్రా కమిషను వేసినారు. ఆ వాదాల్లో భాష ఉంది, వ్యాపారం ఉంది, తుంగభద్ర డ్యాము ఉంది. ఆలూరు పిల్లను బళ్లారి తాలూకాకు ఇచ్చుకున్న మాదిగ కుటుంబం లేదు. వాళ్లకు తెలుగూ వచ్చు, కన్నడమూ వచ్చు. ఎవరి జనాభా లెక్కలోకి లాక్కోవడానికైనా పనికొచ్చినారు, అంతే.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. రాయచూరు జిల్లా మైసూరుకు పోయింది, అందులోంచి అలంపురం, గద్వాల విడదీసి మహబూబ్‌నగర్ జిల్లాలో కలిపినారు. దాంతో కర్నూలు-అలంపురం మధ్య నూటయాభై ఏళ్ల రాజ్యాల గీత చెరిగింది, జిల్లాల గీత మిగిలింది. ఆదోని-సిరుగుప్ప మధ్య ఎన్నడూ లేని గీత మూడేళ్ల ముందే పడి ఉంది. ఒక చోట కుట్టినారు, ఇంకో చోట చించినారు.

అదే కాలంలో నీళ్లు వచ్చినాయి. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయింది. కుడిగట్టు దిగువ కాలువ హోస్పేట దగ్గర బయల్దేరి బళ్లారి, సిరుగుప్ప పొలాలను తడిపి, ఆ తర్వాత ఆదోని, ఎమ్మిగనూరు వైపు వస్తుంది. ముందు తడిసేది మైసూరు నేల, చివరికి మిగిలింది మనది. ఎడమగట్టు కాలువ కింద సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో కోస్తా నుంచి పోయిన రైతులు భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. రాజోలిబండ ఆనకట్ట మీద నుంచి అలంపురం, గద్వాల ప్రాంతాల్లో 87,500 ఎకరాలకు నీళ్లన్నారు. చివరి ఊర్లకు చేరింది తక్కువ, తూముల దగ్గర కొట్లాటలు ఎక్కువ.

వరి మడి వచ్చిందంటే నాటు వేసే ఆడది కావాలి. కాలువ పక్క ఊర్లకు ఉన్న కూలీలు చాలరు. మెట్ట ఊర్లలో పని లేని ఆడవాళ్లు గంపెడుమంది. కౌతాళం, హొళగుంద, హాలహర్వి వైపు నుంచి సిరుగుప్ప, బళ్లారి పొలాలకు నాట్లకు, కలుపుకు, మిరపకాయ కోతకు పోవడం అలా ఏటేటా పెరిగింది. రోజూ పొయ్యి వచ్చేవాళ్లు ఉన్నారు, నెలల తరబడి పోయి అక్కడే గుడిసెలు వేసుకునేవాళ్లు ఉన్నారు. కర్నూలు పడమటి పల్లెల్లో దీనికి ‘సుగ్గికి పోవడం’ అని పేరు. సుగ్గి కన్నడంలో పంట కోతల పండుగ కాలం. అవతలివాళ్ల పండుగ ఇవతలివాళ్ల వలసకు పేరైంది.

ఈ సుగ్గికి తోవ చూపింది ఎక్కువగా ఎవరనుకుంటున్నారు? 1953కు ముందు ఒకే జిల్లాలో ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలే. సిరుగుప్ప తాలూకాలో పుట్టి ఆదోని తాలూకాకు వచ్చిన కోడళ్లు ఆ పొలాలు ఎవరివో ఎరిగినవాళ్లు, కన్నడంలో బేరమాడగలిగినవాళ్లు. తర్వాత లారీలు, టెంపోలు, ఆటోలు వచ్చినాయి, కమీషను తినే మేస్త్రీలు వచ్చినారు. మొదటి తోవ మాత్రం పెళ్లి తోవే.

1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసినారు. కాంట్రాక్టరు ఒక రాష్ట్రంలో మనిషిని కుదుర్చుకొని ఇంకో రాష్ట్రానికి తీసుకుపోతే అతనికి లైసెన్సు ఉండాలి, కూలీకి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి అన్నది. మంచిదే. అయితే కోడలి చుట్టరికం మీద పోయే గుంపుకు కాంట్రాక్టరు ఎవరు? రోజూ ఇంటికి తిరిగొచ్చే ఆమె వలస కార్మికురాలు అవుతుందా? ఆ చట్టం ఆమెను చూడలేదు. తర్వాత దాన్ని 2020 కార్మిక కోడ్‌లో కలిపేశారు. ఆమె అందులోనూ కనపడదు.

ఇల్లు మొగునిది, కులం అబ్బది

ఇప్పుడు చట్టం సంగతికి వద్దాం. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు గుర్తు చేసుకోవాలి. ఎవరు ముల్కీ అన్నదానికి పుట్టుక, పదిహేనేళ్ల నివాసం లాంటి షరతులతో పాటు ఇంకో మాట ఉంది. ముల్కీ అయిన మగవాడి భార్య ముల్కీ. అంటే కర్నూలు పిల్ల అలంపురం కోడలైతే ఆమె ఆ రాజ్యపు మనిషే. ఇందులో ఆడదాన్ని భర్త నీడగా చూసే బుద్ధి ఉంది, మేం కాదనం. కానీ కనీసం ఆమె పెళ్లి చేసుకొని ఎక్కడికి వచ్చిందో అక్కడి మనిషి అని ఒప్పుకున్నది.

కులం కాగితం దగ్గర లెక్క తిరగబడింది. కులం పుట్టుకతో వస్తుంది, పెళ్లితో మారదు. ఈ సూత్రం సరైనదే. అగ్రకులంలో పుట్టి దళితుణ్ణి చేసుకున్నంత మాత్రాన రిజర్వేషను రాకూడదు. అయితే కోర్టులు ఇంకో అడుగు వేసినాయి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు, ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగవాడైన మనిషి వేరే రాష్ట్రానికి పోతే అక్కడ ఆ హోదా అడగకూడదన్నది. తెనాలి నుంచి తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరిన విద్యార్థి కేసు అది. 1994లో అదే మాట మళ్లీ చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం గట్టి చేసింది. అదే ఏడు రంజనా కుమారి కేసులో పంజాబులో పుట్టిన వాల్మీకి స్త్రీ ఉత్తరాఖండులోని వాల్మీకినే పెళ్లాడి అక్కడికి పోతే, రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఆ కులం ఉన్నా, ఆమె ఉత్తరాఖండులో షెడ్యూల్డు కులం కాదని తేల్చింది.

కోర్టు చెప్పే కారణం ఏమిటంటే, ఒక కులం ఒక చోట ఎంత వెనకబడిందో ఇంకో చోట అంతే వెనకబడి ఉండకపోవచ్చు, బయటివాళ్లు వస్తే స్థానిక దళితుల వాటా పోతుంది. ఇందులో బలం ఉంది. ఎక్కడో చదువుకొని బదిలీ మీద వచ్చిన ఉద్యోగి పిల్లలు ఇక్కడి పేద మాదిగ పిల్లల సీటు పట్టుకుపోతే మనమే అడ్డం పడాలి. అయితే ఈ సూత్రాన్ని తుంగభద్ర ఒడ్డుకు తెచ్చి చూడండి. సిరుగుప్ప మాదిగ గేరి, హొళగుంద మాదిగ గేరి. ఒకే డప్పు, ఒకే చెప్పు, ఒకే దూరం ఊరికి. ఏటికి అవతల అంటరానిది, ఇవతలా అంటరానిదే. హోటల్లో ఆమె గ్లాసు రెండు పక్కలా వేరే. అంటరానితనం ఆమె వెంట సరిహద్దు దాటి వచ్చింది, దాని పరిహారం మాత్రం చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది.

దీని ఫలితం పల్లెలో ఎలా ఉంటుందో చూడండి. అంగన్‌వాడీ కార్యకర్త కావాలంటే ఆ ఊరి కోడలై ఉండాలి, అక్కడే కాపురం ఉండాలి. పోస్టు ఎస్సీకి రిజర్వు అయితే ఎస్సీ కాగితం ఉండాలి. సరిహద్దు దాటి వచ్చిన కోడలు మొదటి షరతుకు సరిపోతుంది, రెండోదానికి సరిపోదు. సర్పంచు స్థానం ఎస్సీ మహిళకు రిజర్వు అయినప్పుడూ అదే గతి. గేరిలో పదో తరగతి దాటిన ఒకే ఒక్క కోడలు ఆమే కావచ్చు. మొదటి తరం చదువుకున్నవాళ్లం కాబట్టి మాకు ఆ ఒక్క కాగితం విలువ తెలుసు. కాగితం ఉన్నవాడికి అది కాగితమే. లేనివాడికి అది గోడ.

సరిహద్దు గమ్మత్తు దళిత కులాలతోనే ఆగలేదు. కర్నూలు తండాలో సుగాలి పిల్ల షెడ్యూల్డు తెగ, అదే పిల్ల బళ్లారి తండాలో కోడలైతే అక్కడ లంబాణీ షెడ్యూల్డు కులం. ఇక్కడ వడ్డెర వెనకబడిన కులం, అక్కడ భోవి షెడ్యూల్డు కులం. ఇక్కడ బోయ వెనకబడిన కులం, అక్కడ నాయక షెడ్యూల్డు తెగ. రాళ్లు కొట్టే చెయ్యి మారలేదు, పేరు మారింది. రాష్ట్రం లోపల కూడా 1976 సవరణ చట్టం వచ్చేదాకా ప్రాంతానికో జాబితా ఉండేది. కర్ణాటకలోనే ఒక్కో ప్రాంతానికి ఒక్కో జాబితా నడిచింది. ఆ చట్టం రాష్ట్రం లోపలి గీతలు చెరిపింది. అంటే పార్లమెంటు తలుచుకుంటే గీత చెరపవచ్చు.

2014: మళ్లీ ఏరే ఎల్ల

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. తెలంగాణ ప్రజల ఆకాంక్ష న్యాయమైనది, దాంతో మాకు పేచీ లేదు. మా పేచీ గీత గీసేటప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకున్నారన్న దాని మీదే. 1956లో చెరిగిన కర్నూలు-అలంపురం గీత యాభై ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ రాష్ట్రాల గీత అయింది. అంతకుముందు కూడా అది పూర్తిగా చెరిగిందేమీ లేదు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు కింద కర్నూలు నాలుగో జోను, మహబూబ్‌నగర్ ఆరో జోను. అలంపురంలో చదివి కర్నూలు కోడలైన పిల్ల అప్పుడే నాన్‌లోకల్. అయినా ఎస్సీగా ఉండేది. 2014 తర్వాత కోడలైన పిల్లకు అదీ ప్రశ్నే అయింది. 2021లో బీహారు, జార్ఖండు విభజన మీద వచ్చిన పంకజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, విడిపోయిన రెండు రాష్ట్రాల్లో ఏదో ఒక దాంట్లో హోదా వాడుకోవచ్చు, రెంటిలో ఒకేసారి కాదు అన్నది. విభజనకు ముందే దాటినవాళ్లకు ఇది ఆసరా కావచ్చు. విభజన తర్వాత పుస్తె కట్టించుకున్నవాళ్లకు పాత సూత్రమే.

కూలి మాత్రం ఏరు దాటుతూనే ఉంది. గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి పేరుమోసింది. పత్తి పూలను ఒక్కొక్కటిగా చేత్తో క్రాసింగ్ చేయాలి. చిన్న వేళ్లు కావాలని కంపెనీల ఆర్గనైజర్లు, రైతులు ఏళ్ల తరబడి ఆడపిల్లలను ఆ పనిలో దించినారు. దాని మీద దేశంలోనూ బయటా పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవలో బాలకార్మికుల వయసు మాట్లాడినారు, వాళ్ల కులం తక్కువగా మాట్లాడినారు. ఆ పిల్లల్లో ఏటి అవతల మేనమామ ఇంట్లో ఉండి క్రాసింగ్ చేసిన పిల్ల బంధువా, కూలీనా? పెద్దయినాక ఆ ఇంటికే కోడలైతే ఆమె వలస ఏ గడిలో పడుతుంది?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, 2021 మేలో తెలంగాణ పోలీసులు కర్నూలు దాటిన తర్వాత పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆంధ్ర అంబులెన్సులను ఆపినప్పుడు దేశం ఒక్కసారి ఈ సరిహద్దును చూసింది. హైకోర్టు జోక్యం చేసుకుంటే అంబులెన్సులు కదిలినాయి. కూలి ఆటోల కోసం కోర్టుకు పోయేవాళ్లెవరు?

2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణ చేసినాయి. 1994లో మొదలైన దండోరా పోరాటానికి ముప్పయి ఏళ్ల తర్వాత దొరికిన ఫలితం. తెలంగాణలో మాదిగలున్న గ్రూపుకు 9 శాతం, మాలలున్న గ్రూపుకు 5. ఆంధ్రలో మాదిగలున్న గ్రూపుకు 6.5, మాలలున్న గ్రూపుకు 7.5. జనాభాను బట్టి వేసిన లెక్కలు, తప్పు లేదు. కానీ ఏరు దాటిన కోడలు ఏ లెక్కలో మనిషి? కులాన్ని ఇంత నికరంగా దశాంశాల్లో కొలవగలిగిన ప్రభుత్వాలు ఆమెను కొలవలేకపోయినాయి.

కడప చెప్పే తేడా

ఇది దూరం సమస్య కాదని కడపను చూస్తే తెలుస్తుంది. 1860ల్లో మద్రాసు ఇరిగేషను కంపెనీ తవ్వించిన కర్నూలు-కడప కాలువ సుంకేసుల నుంచి కడప దాకా పారింది. ఆ కాలువ వెంబడి కూడా నాట్లకు గుంపులు కదిలినాయి, సంబంధాలు కలిసినాయి. జమ్మలమడుగు పిల్ల నంద్యాల కోడలైతే అలంపురం పిల్ల కంటే మూడింతల దూరం వచ్చినట్టు. అయినా ఆమె ఎస్సీ, 1975 ఉత్తర్వు కింద ఒకే జోను మనిషి, ఎస్సీ హోదాకు ఆమె పుట్టినూరు అడ్డం రాదు. పాతిక కిలోమీటర్లు వచ్చినామెకు హక్కు పోతుంది, అంతకు మూడింతలు వచ్చినామెకు ఉంటుంది.

పాత కడప జిల్లా రాజంపేట, రాయచోటి ప్రాంతాల ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కువైటు పోతారు. వాళ్ల కష్టాలు వేరే రాయాలి. కానీ ఒక మాట. సముద్రం దాటిన ఆమెను రాజ్యం పనిమనిషిగానైనా గుర్తించింది. 1983 వలస చట్టం, పాస్‌పోర్టులో ముద్ర, వయసు షరతు పెట్టింది. ఏరు దాటిన ఆమెను ఆ మాత్రం కూడా గుర్తించలేదు. ఎందుకంటే ఆమె పెళ్లి చేసుకుంది గదా.

ఏం చేయాలి

మొదటిది, చట్టం. ఒకే కులం రెండు పక్కల జాబితాల్లోనూ ఉన్నప్పుడు, పెళ్లి వల్ల దాటి వచ్చిన స్త్రీకి కాపురం ఉన్న రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ హోదా ఇవ్వాలి. 341, 342 అధికరణాల కింద జాబితా మార్చే అధికారం పార్లమెంటుకే ఉంది కాబట్టి డిమాండు ఢిల్లీకి పోవాలి. ఒకే సమయంలో రెండు చోట్లా వాడుకోకూడదన్న షరతు పెట్టుకోవచ్చు. బదిలీల మీద వచ్చేవాళ్లకు తలుపు తెరవమని మేం అడగడం లేదు. ఇష్టంతోనో ఆచారంతోనో కాపురానికి వచ్చి, ఇక్కడే చచ్చేదాకా కూలి చేసే ఆడదాన్ని పరాయి రాష్ట్రం మనిషి అనవద్దంటున్నాం.

రెండోది, కూలి. సరిహద్దు దాటి రోజూ పోయేవాళ్లను కార్మికులుగా నమోదు చేయాలి. ఆటో బోల్తా పడితే ఏ రాష్ట్రం నష్టపరిహారం ఇవ్వాలో తేల్చి రాయాలి. 2006లో ఉపాధి హామీ మహబూబ్‌నగర్‌లో మొదలైతే కర్నూలుకు 2007లో వచ్చింది. ఒక ఒడ్డున పని ఉన్నప్పుడు ఇంకో ఒడ్డున లేకపోవడం అంటే ఏమిటో ఈ పల్లెలకు తెలుసు. జాబ్‌కార్డులో పుట్టింట్లో పేరు కొట్టేసి అత్తింట్లో పేరు ఎక్కేదాకా కోడలు ఏ పక్కా పనికి రాని కాలం ఎంత సాగుతుందో కూడా తెలుసు.

మూడోది మన పని. విద్యార్థులు, టీచర్లు, సంఘాలవాళ్లు చేయగలిగింది. ఈ చరిత్రకు ప్రభుత్వ దస్తావేజుల్లో ఆధారాలు దొరకడం కష్టం. ఆధారాలు గేరుల్లో బతికే ఉన్నాయి. సరిహద్దు మండలాల్లో ఒక్కో మాలపల్లెలో, ఒక్కో మాదిగ గేరిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి కోడలి పేరు ఎదురుగా నాలుగు సంగతులు రాయండి: పుట్టినూరు, పెళ్లయిన ఏడు, కూలికి పోయే ఊరు, కులం కాగితం ఉందా లేదా. ముసలమ్మలతో మొదలుపెట్టండి, వాళ్లకు పుట్టి దాటిన రోజులు గుర్తున్నాయి. నూరు పల్లెల నోటుపుస్తకాలు ఒక చోట చేరితే, పెళ్లి గడి కింద ఇన్నేళ్లుగా ఎంత కూలి దాచిపెట్టినారో అంకెల్లో చూపించగలుగుతాం.